దూరప్రాంత రైలు మన స్టేషన్‌లో ఆగాలంటే: మొదటి సంతకం నుంచి మొదటి టికెట్ దాకా

మా స్టేషన్ మీదుగా పగలూ రాత్రీ ఎక్స్‌ప్రెస్ బండ్లు పోతూనే ఉంటాయి. ఆగేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావి వచ్చేటప్పుడు ప్లాట్‌ఫాం మీద ఎండుటాకులు, టీ కప్పులు ఎగిరి పడతాయి, అంతే. కొన్నేళ్ల కిందట ఓ దూరప్రాంత రైలు ఇక్కడ ఆపాలని కట్టలకొద్దీ సంతకాలు సేకరించాం. బస్సు మాట్లాడుకుని, బ్యానర్ కట్టుకుని డివిజన్ ఆఫీసుకి వెళ్లి ఇచ్చొచ్చాం. రెండు నెలల తర్వాత ఒక్క వాక్యంలో జవాబొచ్చింది, ఆపరేషనల్ కారణాల వల్ల వీలుపడదని. రైలు అడగడానికి బస్సులో వెళ్లామన్న సంగతి ఆ రోజు మాలో ఒక్కరికీ తట్టలేదు.

మా కట్టలో పేర్లు, సంతకాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. ఎవరు ఎక్కడికి, ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తారో ఒక్క కాగితంలోనూ లేదు. రైల్వే చూసేది అదే. అందుకే ఈ వ్యాసంలో ధర్నాలు, ఊరేగింపుల గురించి తక్కువ, లెక్కల గురించి ఎక్కువ ఉంటుంది. ఊరి మద్దతు కూడగట్టడమంటే చివరికి ఊరిని రైలెక్కించడమేనని మాకు ఆలస్యంగా తెలిసింది.

1. ముందు ఒక్క కోరిక తేల్చుకోండి

మా మొదటి వినతిపత్రంలో పద్నాలుగు డిమాండ్లున్నాయి. మూడు రైళ్లకి హాల్ట్, ఒక కొత్త రైలు, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి, మంచినీళ్లు, రిజర్వేషన్ కౌంటర్, ఇంకా ఏవేవో. అలాంటి కాగితం ఆఫీసుకి చేరగానే ముక్కలై ఆరు సెక్షన్లకి పోతుంది. ఏ ముక్కా ఎవరి బాధ్యతా కాదు.

కోరికల్లో తేలికవీ కష్టమైనవీ ఉంటాయి. ఉన్న రైల్లో మీ స్టేషన్‌కి రిజర్వేషన్ కోటా పెంచమనడం, ఒక జనరల్ బోగీ కలపమనడం తేలిక. ఉన్న రైలుని ఆపమనడం, అంటే హాల్ట్ (రైల్వే వాళ్లు స్టాపేజ్ అంటారు), దాని తర్వాతి మెట్టు. వారానికోసారి నడిచేదాన్ని మూడుసార్లు చేయమనడం, పక్క జంక్షన్ దాకా వచ్చి ఆగిపోయే రైలుని మీ ఊరిదాకా పొడిగించమనడం ఇంకాస్త కష్టం. కొత్త రైలు అన్నిటికన్నా కష్టం.

ఎందుకంత కష్టమో ఒకసారి లెక్క వేసి చూడండి. ఒక రైలుకి ఒకవైపు ప్రయాణం 26 గంటలనుకుందాం. సోమవారం సాయంత్రం 6కి బయల్దేరితే మంగళవారం రాత్రి 8కి చేరుతుంది. బుధవారం ఉదయం 6కి తిరుగు ప్రయాణం మొదలుపెడితే గురువారం ఉదయం 8కి ఇల్లు చేరుతుంది. పిట్ లైన్ మీద కడిగి, బ్రేకులూ చక్రాలూ చూసి, మళ్లీ గురువారం సాయంత్రం 6కి సిద్ధం. అంటే ఒక రేక్ (ఒక బండిగా నడిచే బోగీల వరస) మూడు రోజులకోసారే బయల్దేరగలదు. ఆ రైలు రోజూ నడవాలంటే మూడు రేకులు కావాలి. రేకుకి 22 బోగీల చొప్పున 66 బోగీలు. దానికి తోడు స్పేర్ బోగీలు, ఇంజన్లు, పిట్ లైన్ మీద రోజూ కొన్ని గంటల ఖాళీ, రెండు చివరలా ప్లాట్‌ఫాం. ‘ఒక రైలు వేయడానికి ఏమైంది వీళ్లకి’ అని టీకొట్టు దగ్గర అనడం సులువే.

ఇదే లెక్క మీకు పనికొచ్చే సందర్భమూ ఉంది. ఒక రైలు పొద్దున్నే జంక్షన్‌కి వచ్చి సాయంత్రం దాకా ఊరికే పడి ఉంటే, ఆ ఖాళీ సమయంలో దాన్ని మీ ఊరిదాకా పొడిగించొచ్చు. కొత్త రేక్ అక్కర్లేదు. కాకపోతే మెయింటెనెన్స్ ఆ చివరే జరుగుతుంటే దానికి గంటలు మిగలాలి. పొడిగింపు అడిగేముందు ఆ రేక్ ఎక్కడ, ఎంతసేపు నిలబడుతోందో కనుక్కోండి.

ఇక్కడి నుంచి హాల్ట్ సంగతే చెబుతాను. ఎక్కువ ఊళ్లు అడిగేది అదే, చిన్న ఊరికి నిజంగా దొరికే అవకాశం ఉన్నదీ అదే.

2. వాళ్ల బల్ల వైపు నుంచి చూడండి

‘రెండు నిమిషాలు ఆపితే ఏం పోతుంది?’ అని అందరూ అడుగుతారు. పోయేది రెండు నిమిషాలు కాదు. గంటకి 110 కిలోమీటర్ల వేగంతో వస్తున్న 22 బోగీల బండి వేగం తగ్గించుకోవాలి, ఆగాలి, మళ్లీ ఆ వేగం అందుకోవాలి. అంతా కలిపితే ఐదారు నిమిషాలు తేలిగ్గా పోతాయి.

చాలా చిన్న స్టేషన్లలో ఇంకో చిక్కుంది. మెయిన్ లైన్‌కి ప్లాట్‌ఫాం ఉండదు, ప్లాట్‌ఫాం ఉన్నది పక్కకి చీలి మళ్లీ కలిసే లూప్ లైన్‌కి. అక్కడ ఆపాలంటే బండి పాయింట్ల (పట్టాలు చీలే చోటు) మీదుగా లూప్‌లోకి దిగాలి. ఆ మలుపులో సాధారణంగా 30 కిలోమీటర్ల వేగం మించకూడదు, కొన్నిచోట్ల 15 కూడా. అరకిలోమీటరు పొడవున్న బండి ఆ వేగంతో లోపలికి పాకి, మళ్లీ అదే వేగంతో బయటికి పాకాలి. ఈలోగా వెనకొచ్చే బండికి సిగ్నల్ పడదు. మీ ఊరి ప్లాట్‌ఫాం ఏ లైన్‌కి ఉందో తెలియకుండా వినతిపత్రం రాయకండి. వెళ్లి, నిలబడి, కళ్లతో చూసి రండి.

చూసేటప్పుడే ప్లాట్‌ఫాం పొడవు కూడా అడుగులేసి కొలవండి. ఎల్‌హెచ్‌బీ బోగీ (కొత్త రకం బోగీ) ఒక్కోటి దాదాపు 23.5 మీటర్లు. 22 బోగీలు, ఇంజన్ కలిపితే 540 మీటర్ల దాకా వస్తుంది. ప్లాట్‌ఫాం అంతకన్నా పొట్టిదైతే చివరి బోగీలు కంకర మీద ఆగుతాయి. సాధారణంగా చివర్లలో ఉండేవి జనరల్ బోగీలే. పిల్లల్నీ మూటల్నీ ఎత్తుకుని ఎక్కేవాళ్లకే ఆ దూకడం రాసిపెట్టి ఉంటుంది. ఎత్తు కూడా గమనించండి. హై లెవెల్ ప్లాట్‌ఫాం పట్టాల పైనుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు ఉంటుంది. పట్టాల మట్టానికే ఉన్న పాతకాలపు ప్లాట్‌ఫాం మీద నుంచి ముసలివాళ్లు రెండు నిమిషాల్లో ఎక్కడం అయ్యేపని కాదు. అలాంటి స్టేషన్ అయితే ముందు ప్లాట్‌ఫాం ఎత్తు పెంచమని అడగడమే తెలివైన పని. అది వచ్చాక హాల్ట్‌కి ‘వీలుపడదు’ అనడానికి ఒక కారణం తగ్గుతుంది.

రైలుని ఎంచుకోవడంలోనూ తెలివుంది. నంబరు 12, 20, 22తో మొదలైతే అది సూపర్‌ఫాస్ట్. సగటు వేగం గంటకి 55 కిలోమీటర్లకి తగ్గకూడదన్నది దాని లెక్క. ప్రతి ఊరూ ఆపమంటే అది సూపర్‌ఫాస్ట్‌గా మిగలదు. అదే దారిలో నడిచే మామూలు ఎక్స్‌ప్రెస్ ఏదైనా ఉంటే దాన్ని అడగండి. జనానికి పేరున్న బండి మీదే మోజుంటుంది, నాకు తెలుసు. కానీ మన మామయ్య ఆస్పత్రికి చేరడం ముఖ్యమా, ఆయన ఎక్కిన బండి పేరు ముఖ్యమా?

డబ్బు లెక్క కూడా ఒక మాట. 2016లో రైల్వే టికెట్ల మీదే అచ్చేసి చెప్పింది, ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే చార్జీల ద్వారా తిరిగొస్తోందని. మిగతా భారం మోసేది ప్రధానంగా సరుకు రవాణా. కాజీపేట, విజయవాడ, గూడూరు దారిలో బొగ్గు బండికీ మన బండికీ కావలసింది అవే పట్టాలు. ఇదంతా చెబుతున్నది వాళ్లని వెనకేసుకు రావడానికి కాదు. అవతలివాడు ఏమనబోతున్నాడో ముందే తెలిస్తే మన కాగితంలోనే జవాబు రాసిపెట్టుకోవచ్చు.

3. లెక్క తీయండి

మొత్తం పనిలో సగం ఇదే. ఓపిక లేనివాళ్లు ఇక్కడే జారుకుంటారు.

మొదట రైల్వే దగ్గర ఉన్న లెక్క. సమాచార హక్కు చట్టం, 2005 కింద డివిజన్‌లోని ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డర్ జత చేయొచ్చు, కేంద్రం ఆర్‌టీఐ పోర్టల్లో ఆన్‌లైన్‌లోనూ కట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, అరకొరగా వచ్చినా మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

ప్రశ్న అడిగే తీరులోనే అంతా ఉంది. ‘మా ఊళ్లో రైలు ఎందుకు ఆపడం లేదు?’ అని అడిగితే ఏమీ రాదు. ఆ చట్టం రికార్డులు ఇప్పిస్తుంది, వివరణలు ఇప్పించదు. ఇలా అడగండి: ‘ఫలానా స్టేషన్‌లో గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో నెలవారీగా అమ్ముడైన రిజర్వుడు, అన్‌రిజర్వుడు టికెట్ల సంఖ్య, ఆదాయం. ఆ స్టేషన్ నుంచి ఎక్కువ టికెట్లు అమ్ముడైన మొదటి ఇరవై గమ్యాలు. ప్రస్తుతం ఆగుతున్న ఒక్కో ఎక్స్‌ప్రెస్‌కి ఆ స్టేషన్‌లో ఎక్కినవారి సంఖ్య, ఆదాయం. ఫలానా రైలు హాల్ట్ కోసం గత ఐదేళ్లలో వచ్చిన ప్రతిపాదనల ప్రతులు, వాటిపై ఫైల్లో రాసిన నోట్లు.’ ఆ చివరిది మర్చిపోకండి. మీ కన్నా ముందు ఎవరో అడిగే ఉంటారు. వాళ్లకి ఏ కారణం చెప్పి కాదన్నారో ఫైల్లో ఉంటుంది.

2020కి ముందు ఆ రైలు మీ ఊళ్లో ఆగేదా? అయితే మీ చేతిలో మంచి ముక్క పడ్డట్టే. ఆ ఏడాది మార్చిలో కోవిడ్ వల్ల ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయాయి. తిరిగి ఒక్కొక్కటిగా మొదలయ్యేసరికి టైమ్ టేబుల్ మారింది, చాలా ఊళ్లకి పాత హాల్ట్‌లు తిరిగి రాలేదు. అలాంటప్పుడు ‘కొత్త హాల్ట్’ అని రాయకండి, ‘పునరుద్ధరణ’ అని రాయండి. 2017 నుంచి 2020 దాకా ఆ రైలుకి మీ స్టేషన్‌లో వచ్చిన ఆదాయం అడిగి జతచేయండి.

రెండోది, రైల్వే లెక్కలో కనిపించని ప్రయాణికులు. బండి ఆగదు కాబట్టి మీ ఊరివాళ్లు ఆటో కట్టించుకునో బస్సెక్కో జంక్షన్‌కి వెళ్లి అక్కడ ఎక్కుతున్నారు. టికెట్లు జంక్షన్ ఖాతాలో పడుతున్నాయి. మీ స్టేషన్ పద్దులో సున్నా. ఆ సున్నాని చూపించే ‘అక్కడ ట్రాఫిక్ లేదు’ అంటారు. ఈ దాగిన మనుషుల్ని బయటికి తీయడమే మీ సర్వే పని.

సర్వే ఫారం అరపేజీ చాలు. ఎక్కడి నుంచి, ఎక్కడికి, పోయిన ఏడాది ఎన్నిసార్లు, ఒంటరిగానా ఎంతమందితోనా, ఏ రైలు, ఎక్కడ ఎక్కారు, అక్కడికి చేరడానికి ఎంత ఖర్చు, ఎంత సమయం. ‘హాల్ట్ కావాలా?’ అని మాత్రం అడగకండి. కాదనేవాడెవడూ ఉండడు, ఆ జవాబుకి విలువా లేదు. పాత టికెట్ ఫోనులో ఉంటే స్క్రీన్‌షాట్ పంపమనండి, పీఎన్ఆర్ నంబరూ పేర్లూ చెరిపేసి జతచేయండి. బయల్దేరిన స్టేషన్, గమ్యం, తేదీ కనిపిస్తే చాలు.

ఎవరిని అడగాలన్నది ఇంకా ముఖ్యం. బజార్లో నిలబడి అడిగితే ఎప్పుడూ రైలెక్కనివాళ్లే దొరుకుతారు. దూరప్రయాణం చేసేవాళ్ల దగ్గరికి మీరే వెళ్లాలి. పాలమూరు వైపు అయితే ముంబయికి వలస వెళ్లే కుటుంబాలు, శ్రీకాకుళం తీరంలో అయితే గుజరాత్‌లోని వేరావల్‌కి వేటకెళ్లే మత్స్యకారులు. ఏ జిల్లాలోనైనా వెల్లూరు ఆస్పత్రికని కాట్పాడిలో దిగేవాళ్లుంటారు. సెలవుకొచ్చి వెళ్లే జవాన్లు, బెంగళూరులో చదివే పిల్లలు, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా శబరిమలకి కొట్టాయం, చెంగన్నూరు వెళ్లే స్వాములు ఉంటారు. ఒక్క గురుస్వామిని కలిస్తే నలభైమంది ప్రయాణం ఒకే కాగితం మీద దొరుకుతుంది. ఊరి మెడికల్ షాపువాళ్లని అడిగితే ఎవరెవరు ఏ ఊరి ఆస్పత్రి మందులు వాడుతున్నారో ఒక అంచనా చెబుతారు. పేర్లు అడగొద్దు, ఎంతమందో అడిగితే చాలు.

మా రెండో విడత సర్వేలో మేం ఊహించని సంగతొకటి బయటపడింది. మేం హైదరాబాద్ వైపు రైలు కావాలని కొట్టుకుంటున్నాం, ఫారాల్లో సగానికి పైగా చెన్నై వైపు ప్రయాణాలు. అడగాల్సిన బండే వేరని అప్పుడు తెలిసింది.

4. జట్టు కట్టండి, చిన్నదే కట్టండి

సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురుంటే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. రిజిస్టరైన ప్రయాణికుల సంఘానికి ఆఫీసుల్లో గౌరవం వేరు, రైల్వే సలహా సంఘాల్లో సభ్యత్వం అడిగే హక్కు కూడా ఉంటుంది. ఏడుగురిలో ఒకరు లెక్కల మనిషి, ఒకరు ఉత్తరాలు రాసేవాళ్లు, ఒకరు ఫైలు దాచేవాళ్లు ఉండాలి. రిటైరైన రైల్వే ఉద్యోగి ఒకరు దొరికితే అదృష్టం. ఏ ఫైలు ఏ బల్ల మీద నిద్రపోతుందో ఆయనకి తెలుసు.

పార్టీల సంగతి మొదటి రోజే తేల్చుకోండి. ఎవరైనా సభ్యులు కావచ్చు, బ్యానర్ మీద ఎవరి ఫొటో ఉండదు.

స్టేషన్ మాస్టర్ని ముందే కలవండి. హాల్ట్ ఇచ్చే అధికారం ఆయనకి లేదు, ఆయన మీద అరిచి ప్రయోజనమూ లేదు. అయితే ప్లాట్‌ఫాం సంగతి, లూప్ సంగతి, ఏ బండి ఏ క్రాసింగ్ (ఎదురొచ్చే బండికి దారివ్వడం) కోసం ఎక్కడ ఆగుతుందో ఆయన కన్నా తెలిసినవాళ్లు లేరు. కొన్ని బండ్లు క్రాసింగ్ కోసం ఎలాగూ మీ స్టేషన్‌లో నిలబడుతుంటాయి. అలాంటిది ఒకటి దొరికితే సగం వాదన గెలిచినట్టే.

పక్క ఊరితో పేచీ పెట్టుకోకండి. పది కిలోమీటర్ల దూరంలో రెండు ఊళ్లూ ఒకే రైలు అడిగితే రెంటికీ రాదు. కూర్చుని మాట్లాడుకుని, ఈ బండి మీకు, ఆ బండి మాకు అని పంచుకుని ఉమ్మడిగా రాయండి. అహం అడ్డొస్తుంది, రానివ్వకండి.

5. ఊరిని స్టేషన్ వైపు తిప్పండి

చాలామంది ఈ మెట్టుని దాటేస్తారు. ఉన్న నాలుగు రైళ్లే సగం ఖాళీగా పోతుంటే ఐదోది ఎవరిస్తారు?

మేం చేసినవాటిలో అన్నిటికన్నా పనిచేసింది ఒక కరపత్రం. ఒకవైపు మా స్టేషన్‌లో ఆగే బండ్లన్నీ, వేళలూ, ఏయే రోజులు, ఎక్కడెక్కడికి. రెండోవైపు టికెట్ ఎలా తీసుకోవాలో. అచ్చేయించి కిరాణా కొట్లకి, మందుల షాపులకి, బడికి, గుడికి ఇచ్చాం. ‘ఈ బండి ఇక్కడ ఆగుతుందా!’ అన్నవాళ్లే ఎక్కువ. స్టేషన్‌కి కిలోమీటరు దూరంలో ఉండేవాళ్లు కూడా.

కరపత్రం వెనకవైపు ఏం రాయాలో చెబుతాను. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. పెద్దవాళ్లకి కింది బెర్త్ కోటా ఉంది, మగవాళ్లకి 60 ఏళ్లు, ఆడవాళ్లకి 45 ఏళ్లు దాటితే వర్తిస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలకి విడిగా బెర్త్ తీసుకోకపోతే టికెట్ అక్కర్లేదు. ఆర్ఏసీ అంటే కూర్చోవడానికి చోటు ఖాయం, బండి ఎక్కొచ్చు. ఆన్‌లైన్‌లో తీసుకున్న వెయిటింగ్ లిస్ట్ టికెట్ చార్ట్ తయారయ్యేసరికి ఖాయం కాకపోతే దానంతటదే రద్దవుతుంది, ఎక్కకూడదు. ప్రయాణంలో ఇబ్బంది వస్తే 139. ఈ ఐదారు సంగతులు తెలియకే చాలామంది రైలంటే టెన్షన్ పడి ప్రైవేటు బస్సు వైపు వెళ్తున్నారు.

రైలు గొప్పలు చెప్పేటప్పుడు అతి చేయకండి. రైలు లేటవుతుంది, మరుగుదొడ్డి ఒక్కోసారి భరించలేం, పండగ ముందు టికెట్ దొరకదు. ఇవన్నీ జనానికి తెలుసు. మీరు దాస్తే మిగతా మాటలూ నమ్మరు. నిజంగా చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషి పన్నెండు గంటలు కాళ్లు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు, పడుకుని వెళ్లొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు బండి ఆపమని డ్రైవర్ని బతిమాలనక్కర్లేదు. ఆపరేషన్ అయినవాళ్లని కుదుపు తగలకుండా తీసుకురావచ్చు. ఊళ్లో ఇలా వెళ్లొచ్చినవాళ్లుంటారు, వాళ్ల చేతే చెప్పించండి. మా దగ్గర ఒక పెద్దావిడ మహిళా సంఘం సమావేశంలో లేచి, కాట్పాడి ప్రయాణం ఎలా చేశారో, ఏ బోగీలో ఏ వైపు మెట్లు తేలికో పది నిమిషాలు చెప్పారు. మా బ్యానర్లన్నీ కలిపి చేయని పని ఆవిడ చేశారు.

సామూహిక ప్రయాణాలు పెట్టుకోండి. పెళ్లి బృందం, విహారయాత్రకి వెళ్లే బడి పిల్లలు, తిరుపతి వెళ్లే కుటుంబాలు, ఎవరైనా మీ స్టేషన్ నుంచే టికెట్ తీసుకుని ఎక్కేలా చూడండి. బయటివాళ్లకి అది ఒక యాత్ర. స్టేషన్ పద్దులో అది మీ వాదన.

6. ఒక్క పేజీ రాయండి

వినతిపత్రం ఒక్క పేజీ, వెనక జతచేసే కాగితాలు ఎన్నైనా. తెలుగులో రాసి, ఇంగ్లీషు ప్రతి కూడా పెట్టండి. ఫైలు తెలుగురాని అధికారి బల్ల మీదికీ వెళ్తుంది. భాష ఇలా ఉంటే చాలు:

‘ఫలానా నంబరు, దాని తిరుగు రైలు ఫలానా నంబరు మా స్టేషన్ మీదుగా ఇన్ని గంటలకి, ఇన్ని గంటలకి వెళ్తున్నాయి. ఈ రెంటికీ రెండేసి నిమిషాల హాల్ట్‌ని ప్రయోగాత్మకంగా ఆరు నెలలు ఇవ్వాలని కోరుతున్నాం. మా సర్వే ప్రకారం ఏడాదికి ఇన్ని ప్రయాణాలు ప్రస్తుతం ఇంత దూరంలోని జంక్షన్ నుంచి జరుగుతున్నాయి. ప్లాట్‌ఫాం పొడవు ఇంత, ఎత్తు ఇంత. తర్వాత పెద్ద స్టేషన్‌లో ఈ రైలుకి ఇన్ని నిమిషాల నిలుపుదల ఉంది కాబట్టి పోయే సమయాన్ని అక్కడ సర్దుకునే వీలుంది.’

రెండు నంబర్లూ రాయడం తప్పనిసరి. వెళ్లే బండి ఆగి, వచ్చే బండి ఆగని ఊళ్లున్నాయి. ప్రయోగాత్మకంగా అన్న మాట కూడా వదలకండి. శాశ్వతంగా ఇవ్వమంటే ఏ అధికారీ తన పేరు మీద సంతకం పెట్టడానికి ముందుకు రాడు. ఆరు నెలలు చూద్దామంటే దారి కాస్త తెరుచుకుంటుంది.

7. ఏ గుమ్మం తర్వాత ఏ గుమ్మం

డివిజన్లో డీఆర్ఎంకి (డివిజనల్ రైల్వే మేనేజర్) ఇవ్వండి. ప్రతులు సీనియర్ డీసీఎంకి (కమర్షియల్ మేనేజర్), సీనియర్ డీఓఎంకి (ఆపరేషన్స్ మేనేజర్). డీసీఎం ఆదాయం చూస్తారు, డీఓఎం బండ్ల నడక చూస్తారు, ఇద్దరిలో ఒకరు కాదన్నా ఫైలు కదలదు. డివిజన్ సరేనంటే జోన్ ప్రధాన కార్యాలయానికి, అక్కడి నుంచి రైల్వే బోర్డుకి. దూరప్రాంత రైలు రెండు మూడు జోన్ల మీదుగా పోతుంది కాబట్టి చివరి మాట ఢిల్లీదే.

డివిజన్ స్థాయిలో డీఆర్‌యూసీసీ, జోన్ స్థాయిలో జెడ్‌ఆర్‌యూసీసీ అని రైలు వినియోగదారుల సలహా సంఘాలుంటాయి. మీ జిల్లా సభ్యుడెవరో కనుక్కుని సమావేశం అజెండాలో మీ అంశం రాతపూర్వకంగా పెట్టించండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే పోతుంది. అజెండాలో ఉంటే మినిట్స్‌లో జవాబు రాయక తప్పదు.

ఎంపీ దగ్గరికి దండ పట్టుకుని కాదు, ఆ ఒక్క పేజీ పట్టుకుని వెళ్లండి. జనరల్ మేనేజర్ ఎంపీలతో సమావేశం పెట్టినప్పుడు ఆ అంశం ఎత్తమనండి. పార్లమెంటులో నక్షత్ర గుర్తు లేని ప్రశ్న వేయిస్తే మంత్రి రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబు మీకు అనుకూలంగా ఉండకపోవచ్చు, కానీ కారణం అచ్చులో దొరుకుతుంది. తర్వాతి ఉత్తరం ఆ కారణం మీదే రాయాలి. ఎమ్మెల్యేలు కూడా ఉత్తరాలిస్తారు, తీసుకోండి, ఫైల్లో పెట్టండి, వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

పట్టాల మీద కూర్చుందామనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. రైల్వే చట్టం, 1989లోని 174వ సెక్షన్ కింద రైలుని అడ్డుకుంటే రెండేళ్ల దాకా జైలు. ఊళ్లో పిల్లలకి కేసులు అంటుకుంటాయి, ఉద్యోగాలకి వెళ్లినప్పుడు అవి బయటికొస్తాయి. పైగా ఆ రోజు ఆగిపోయిన బండిలో ఉన్నవాళ్లు మనలాంటి ప్రయాణికులే. నా వరకు నేను ఒప్పుకోను.

8. హాల్ట్ వచ్చాక

ఉత్తర్వు వచ్చిన రోజు బాణసంచా కాలుస్తారు, ఎంపీగారు జెండా ఊపుతారు, ఇంజన్‌కి దండ వేస్తారు. ఆ సందడిలో ముగ్గురు పక్కకి వచ్చి చేయాల్సిన పనులున్నాయి.

బుకింగ్ యాప్ తెరిచి మీ స్టేషన్ నుంచి ఆ రైలుకి టికెట్ వెతకండి. కనిపించకపోతే వెంటనే డివిజన్ కమర్షియల్ విభాగానికి రాయండి. సిస్టంలో ఎక్కని హాల్ట్‌కి రిజర్వేషన్ టికెట్టే పుట్టదు, ఆరు నెలల గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. కోటా చూడండి. మీ స్టేషన్‌కి బెర్తులు తక్కువుంటే జనం పాత అలవాటు కొద్దీ జంక్షన్ నుంచి టికెట్ తీసి, మీ దగ్గర బోర్డింగ్ మార్చుకుని ఎక్కుతారు. బండిలో మనిషి ఉన్నాడు, ఆదాయం మాత్రం జంక్షన్‌ది. ఇది ఊరంతటికీ విడమరిచి చెప్పాలి. మళ్లీ ఒక కరపత్రం వేయండి, దాని మీద పెద్ద అక్షరాల్లో ఒక్కటే మాట, ‘టికెట్ మన స్టేషన్ పేరుతోనే’. బుకింగ్ మొదలైన మొదటి వారం కౌంటర్ దగ్గర ఒకరు నిలబడి, ఫారం నింపడం రానివాళ్లకి నింపి పెట్టండి.

తర్వాత రాత్రి సంగతి. మాకు వచ్చిన హాల్ట్ తెల్లవారుజామున 2.40కి. మొదటి నెలలో ఎక్కేవాళ్లు బానే ఉన్నారు, దిగేవాళ్లే లేరు. ఆరా తీస్తే ఆ వేళ స్టేషన్ బయట చీకటి, ఆటో దొరకదు, ఆడవాళ్లు భయపడి జంక్షన్‌లోనే దిగి తెల్లారేదాకా కూర్చుంటున్నారు. ఆటో స్టాండ్ వాళ్లతో మాట్లాడి రోజుకి ఇద్దరు చొప్పున వంతులు వేశాం. పంచాయతీని అడిగి స్టేషన్ రోడ్డులో దీపాలు వేయించాం. ఏ బోగీ ఎక్కడ ఆగుతుందో సున్నంతో ప్లాట్‌ఫాం మీద గీయడానికి స్టేషన్ మాస్టర్ అనుమతి ఇచ్చారు. రెండు నిమిషాల్లో ఎస్-3 కోసం ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తే బాధ తప్పింది.

నాలుగు నెలలు నిండగానే మళ్లీ ఆర్‌టీఐ పెట్టండి, ఈ హాల్ట్‌కి నెలవారీగా వచ్చిన టికెట్లూ ఆదాయమూ ఎంతని. 30 రోజుల్లో జవాబొస్తే గడువుకి ఇంకా నెల మిగులుతుంది. అంకెలు బాగుంటే వాటినే జతచేసి కొనసాగింపు కోరుతూ రాయండి. బాగోకపోతే ఏ నెలలో, ఏ వైపు తగ్గాయో చూసుకుని ఆ మిగిలిన నెలలో ఇంటింటికీ తిరగండి. ఈసారి సంతకాల పుస్తకం వద్దు, టైమ్ టేబుల్ కరపత్రం పట్టుకెళ్లండి.